తప్పు పెట్టెలో పడ్డ చీటీ

నా భర్త గల్ఫ్‌కు పోయి ఆరేళ్లు. ఫోను రావడం ఆగిపోయి నాలుగేళ్లు.

లక్సెట్టిపేటలోని మా చిన్న చర్చిలో రెండు పెట్టెలుంటాయి. ఒకటి ప్రార్థన మనవులకు, రెండోది కృతజ్ఞతలకు. ప్రతి ఆదివారం మనవుల పెట్టెలో చీటీ వేసేదాన్ని. రాసి రాసి విసుగొచ్చి, చివరికి నా పేరు, దాని కింద ‘గల్ఫ్ నుంచి భర్త రాక గురించి’ అని మాత్రమే రాసేదాన్ని.

నిరుడు ఒక ఆదివారం పరధ్యానంలో చీటీని కృతజ్ఞతల పెట్టెలో వేశాను. కొత్తగా వచ్చిన పాస్టరుగారు నా పేరు చదివి, "దేవునికి స్తోత్రం! ఈ సిస్టరు భర్త గల్ఫ్ నుంచి తిరిగొచ్చిండు!" అన్నారు. అందరూ చప్పట్లు కొడుతూ, ఆయన ఎక్కడున్నాడా అని తలుపు వైపు తిరిగారు.

సిగ్గుతో చచ్చిపోయాను. లేచి నిలబడి, "రాలే అయ్యగారూ. చీటీ వేరే పెట్టెల ఏసిన" అన్నాను. చప్పట్లు ఆగిపోయాయి.

చాప మీద నా పక్కనే కూర్చున్న ముసలి రాజవ్వ నా చెయ్యి పట్టుకుంది. "ఏడ్వకు బిడ్డా. అందరికంటె ముందుగాల తలుపు దిక్కు జూసింది నువ్వే" అంది.

నిజమే. రాలేదని తెలిసిన నేనే ముందు చూశాను.

ఆయన ఇప్పటికీ రాలేదు. ఆశ కూడా పెద్దగా మిగల్లేదు. దేవుణ్ని ఇంకా నమ్ముతున్నావా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు. కాని చర్చిలో తలుపు కనబడే చోటే కూర్చుంటున్నాను.