రెండు బీరువాల బుద్ధుడు

లోకంలో ప్రతి విషయం మీదా లైబ్రేరియన్ గారికి ఖచ్చితమైన అభిప్రాయం ఉంది, ఒక్కటి తప్ప. బౌద్ధం మతమా కాదా అన్నది మాత్రం ఆయనకు పూటకో రకంగా తేలుతుంది.

కొత్తగా చేరిన అసిస్టెంటుకి ఆ సంగతి మొదటి రోజే తెలిసింది. పొద్దున ముందుగదిలో ‘మతం’ బీరువాలో ఆమె సర్దిన లావుపాటి బౌద్ధం పుస్తకం, మధ్యాహ్నానికి వెనకగదిలో ‘తత్వం’ బీరువాలో తేలింది. ఆమె నివ్వెరపోయింది.

“సార్, ఇది మతం కదండీ?”

“దేవుడే లేని మతమేంటమ్మా? తత్వం!”

మర్నాడు పొద్దున అది మళ్ళీ మతంలో ఉంది.

“నిన్న కాదన్నారుగా?”

“సన్యాసులున్నారు, మొక్కేవాళ్ళున్నారు. మతం అనిపించుకోడానికి ఇంకేం కావాలమ్మా?”

రోజుకు రెండు చీటీలు అంటించి అంటించి ఆ పుస్తకం వీపున మూపురం లేచింది. పుస్తకంలో పెన్సిలు గీత కనిపిస్తే చాలు, పాఠకుణ్ణి గుమ్మం దాకా తరిమే మనిషి, దీన్ని మాత్రం పసిబిడ్డలా చంకనెత్తుకుని తిరిగేవారు.

ఒకరోజు మధ్యాహ్నం తనిఖీ అధికారి వచ్చి, ఆ చీటీల మూపురం చూసి మండిపడ్డాడు. “ఒక పుస్తకం, ఒక బీరువా! రేపు వచ్చి చూస్తాను. చోటు మారిందా, నీ ఉద్యోగం ఉండదు” అని అసిస్టెంటుకే చెప్పి వెళ్ళాడు. చీటీ మార్చే చేయి ఒకరిది, మాట పడే నోరు మరొకరిది! ఆమె పుస్తకాన్ని మతంలో పెట్టి తాళం వేసేసింది.

కాసేపటికి రోజూ మధ్యాహ్నం వచ్చే టైలరు వచ్చాడు. బౌద్ధం పుస్తకం కోసం తత్వం బీరువా అంతా వెతికి, మొహం వేలాడేసుకుని వెళ్ళిపోయాడు. అంత ఏముందా అని ఆమె తాళం తీసి పుస్తకం తెరిచింది. అంచుల నిండా పెన్సిలు రాతలే!

‘మూర్ఖుడా, ఇది మతమే.’ కింద మరో చేతిరాత: ‘మీ తలకాయ.’ ఇంకొన్ని పేజీలు దాటాక, ‘దగ్గు తగ్గిందా?’ ‘తగ్గింది. వదిన ఎలా ఉంది?’

“సార్! ఏంటండీ ఇది?”

లైబ్రేరియన్ గారు దొరికిపోయిన దొంగలా నిలబడ్డారు. “అన్నదమ్ములమ్మా. అన్న గడియారాలు బాగుచేస్తాడు, పొద్దున మతం గదికొస్తాడు. తమ్ముడు టైలరు, మధ్యాహ్నం తత్వం గదికొస్తాడు. ఈ వాదన మీదే పన్నెండేళ్ళుగా మాటల్లేవు. ఒకరి గదిలోకి ఒకరు చచ్చినా అడుగుపెట్టరు. నేను రబ్బరు పుచ్చుకుని తుడవబోయాను. ఆ దగ్గు దగ్గర చెయ్యి ఆగిపోయింది.”

ఆమె గబగబా చివరి రాత వెతికింది. ఆ పొద్దున అన్న రాసింది: ‘రేపు సాయంత్రం నాకు గుండె ఆపరేషను. నువ్వు రానక్కర్లేదు.’

ఇందాక టైలరు ఇది చూడకుండానే వెళ్ళిపోయాడు, తను తాళం వేయబట్టి! చెప్పులు కూడా తొడుక్కోకుండా పుస్తకంతో వీధిలోకి పరుగెత్తింది.

మర్నాడు తనిఖీ అధికారి రానే వచ్చాడు. “తేలిందా? మతమా, తత్వమా?”

“మీరే చదివి చెప్పండి సార్” అని ఆమె ఆ పేజీ చూపించింది. అన్న రాసిన దాని కింద టైలరు రాత: ‘వస్తున్నాను. అయినా అది మతం కాదు.’

అధికారి నోరు తెరిచి మొదటి పేజీకి వెళ్ళాడు, అక్కడినుంచి కదలకుండా చదివాడు. చివరికి కళ్ళజోడు తుడుచుకుని, గోడ గడియారం చూసి గర్జించాడు.

“పన్నెండున్నరైంది. ఇంకా ఈ గదిలో ఉందేంటమ్మా? తత్వంలో పెట్టు!”