డెక్లన్ ఖాళీగా వదిలిన గడులు

శనివారం సాయంత్రం మా అమ్మాయిని ఈత క్లాసు నుంచి తీసుకొస్తున్నాను. సన్నటి వాన, వైపర్లు అద్దాన్ని గీరుతున్న చప్పుడు, రేడియోలో ఫుట్‌బాల్ స్కోర్లు. ఆ స్కోర్లు చదివే మనిషిది ఎప్పుడూ ఒకటే గొంతు. గెలిచినవాళ్ళకీ ఓడినవాళ్ళకీ అదే నిదానం. మధ్యలో ఒకచోట, మైదానంలో నీళ్ళు నిలవడంతో ఆట జరగలేదని చెప్పి, ఒక్క క్షణం ఆగి తర్వాతి పేరు చదివాడు. ఆ ఒక్క క్షణమే నా చెవిలో ఉండిపోయింది. "డాడ్, మన టర్నింగ్ దాటేశావ్" అంది వెనక సీట్లోంచి మా అమ్మాయి, ఇక్కడి పిల్లల యాసతో ఇంగ్లీషులో. నిజంగానే దాటేశాను. చుట్టు తిరిగి ఇంటికి రావడానికి ఇంకో పది నిమిషాలు పట్టింది. ఆ పది నిమిషాలూ డెక్లన్ గురించే ఆలోచించాను.

డెక్లన్, మేముండే లూకన్ పేటలో మా పక్కింటాయన. రెండిళ్ళకీ మధ్య గోడ ఒకటే. ఆయన దగ్గితే మాకు వినిపించేది, మేం పోపు వేస్తే ఆయనకి తుమ్ములొచ్చేవి. అంత పెద్దమనిషిని పేరు పెట్టి పిలవడానికి నోరు రాక మొదట్లో అంకుల్ అన్నాను. "నేనెవరికీ అంకుల్‌ని కాదు" అని కసిరాడు. ఓడల్లో రేడియో ఆపరేటర్‌గా చేసి రిటైరయ్యాడు. వయసులో ఉండగా కొన్నేళ్ళు ఒక చిన్న దీవిలో ఉద్యోగం చేసి, అక్కడి అమ్మాయినే పెళ్ళాడి ఇక్కడికి తీసుకొచ్చాడు. మేం ఆ ఇంటి పక్కకి వచ్చేసరికి ఆవిడ పోయి చాలా కాలమైంది. దీవి పేరు రాయను. రాసినా చాలామంది మ్యాపు ముందేసుకుని వెతకాలి. ఎంత చిన్నదైనా అదొక దేశం, దానికో జాతీయ ఫుట్‌బాల్ జట్టు. అందులో రొట్టెలు కాల్చేవాడు, చేపలు పట్టేవాడు, కస్టమ్స్ గుమాస్తా, బళ్ళో డ్రిల్లు మాస్టారు ఉండేవారు. ఆడిన ఆటల్లో ఎక్కువ భాగం ఓడిపోయేవాళ్ళు. మొదటి ఆట నుంచీ ఆ జట్టు ఆడిన ప్రతి ఆటనీ డెక్లన్ నోటుపుస్తకాల్లో రాసిపెట్టాడు. దీవిలో కూడా అంత పూర్తిగా రాసినవాళ్ళు లేరట.

రాయడానికి ఆయనకో పద్ధతి ఉండేది. తేదీ, ప్రత్యర్థి, స్కోరు, గోల్ కొట్టినవాళ్ళు, గాలి ఎటు వీచింది, అన్నిటికీ వేరు వేరు గడులు. పత్రికలో వచ్చినంత మాత్రాన రాసేవాడు కాదు. ఆట చూసిన ఇద్దరు మనుషులు ఉత్తరంలోనో ఫోన్లోనో చెబితేనే సిరా కలం తీసేవాడు. ఒక ఆటలో వాళ్ళ జట్టు మరీ ఘోరంగా ఓడిపోయింది. గోల్‌కీపర్ డెక్లన్‌కి పాత స్నేహితుడు. ఫోన్ చేసి, "అదొక్కటీ రాయకు, నా మనవలు చూస్తారు" అని బతిమాలాడట. డెక్లన్ స్కోరు స్కోరులాగే రాసి, పక్కన ఇంకో వాక్యం రాశాడు: కీపర్ వేలు మొదటి సగంలోనే విరిగింది, అయినా చివరిదాకా నిలబడ్డాడు. ఆ పేజీ చూపించి, "గెలుపు ఎవరికైనా గుర్తుంటుంది. నాలాంటి పనిలేనివాడు ఓటమి కోసమే కావాలి" అన్నాడు.

ఆ పుస్తకాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కిస్తానని నేనే ముందుకొచ్చాను. లెపర్డ్స్‌టౌన్‌లో ఒక కంపెనీలో డేటా పని చేస్తాను. నాకిదొక లెక్కా అనుకున్నాను. ఆదివారం మధ్యాహ్నాలు ఆయన వంటింట్లో కూర్చునేవాళ్ళం. ఆయన చదివితే నేను టైపు చేసేవాణ్ణి. కప్పులు కడిగి, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే అలమరాలో పెట్టడం కూడా నా పనే అయింది. అంతా అయ్యాక ప్రింటు తీసి గర్వంగా చేతికిచ్చాను. కళ్ళజోడు పైకి తోసి మొదటి పేజీ చూశాడు, రెండో పేజీ చూశాడు.

"ఇదేంటి శ్రీ? వీళ్ళతో మేం ఎప్పుడు డ్రా చేశాం?"

నేను వంగి చూశాను. సున్నా, సున్నా.

"ఆ రోజు పొగమంచు. వాళ్ళ విమానం దిగనేలేదు. నేను ఆ గడి ఖాళీగా వదిలాను కదా?"

"ఖాళీ ఉంటే మొత్తాలు సరిగ్గా రావు డెక్లన్. అందుకే ఖాళీలన్నిట్లో సున్నా పెట్టేశాను. మా పనిలో అందరూ చేసేదే."

ఆయనకి కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది. "సున్నా రావాలంటే పదకొండు మంది తొంభై నిమిషాలు పరిగెత్తాలి. ఎవరో ఒకరు నిలబడి చూడాలి. ఆ రోజు ఎవరూ పరిగెత్తలేదు, ఎవరూ చూడలేదు. మరి ఈ సున్నా ఎక్కడినుంచి తెచ్చావు?"

రెండు ఆదివారాలు పక్కన కూర్చోబెట్టుకుని ప్రతి సున్నానీ పుస్తకంతో సరిచూయించాడు. ఇంటికొచ్చి మా ఆవిడ రమ దగ్గర తెగ సణిగాను. ముసలాయనకి చాదస్తమని, ఓడిపోయే జట్టుకి ఇంత అవసరమా అని. కానీ కొన్నాళ్ళకి ఆఫీసులో ఒక మీటింగులో, అంతమంది పెద్దల మధ్య, "ఆ సంగతి నాకు తెలియదు" అనగలిగాను. చిన్నప్పటినుంచీ క్లాసులో ఫస్టు వస్తూ పెరిగినవాడికి ఆ మాట ఎంత కష్టమో మా వాళ్ళకి చెప్పనక్కర్లేదు. ఆ రోజు డెక్లన్‌కి చెబితే "గ్రాండ్" అని టీ పోశాడు. ఆయన మెచ్చుకోలు ఆ ఒక్క మాటే.

కరోనా రావడానికి ముందు చలికాలంలో గుమ్మం ముందు మంచు మీద జారి ఆయన తుంటి విరిగింది. ఆసుపత్రి నుంచి నేరుగా, ముసలివాళ్ళని ఉంచి చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌కి పంపారు. నడక వచ్చేదాకా కొన్ని వారాలే అన్నారు. ఆ వారాలు పూర్తి కాకముందే తలుపులు మూసేశారు, చూడటానికి ఎవరూ రాకూడదన్నారు. ఒకసారి నేనూ రమా వెళ్ళి ఆయన గది కిటికీ బయట, తడిగడ్డిలో నిలబడ్డాం. లోపల ఆయన మంచం మీద కూర్చుని ఫోన్లో మాట్లాడాడు. దీవి జట్టు ఆ వసంతంలో ఆడాల్సినవన్నీ రద్దయ్యాయట. తేదీలు వేసుకుంటున్నానని, స్కోరు గడులు అలాగే వదిలేస్తున్నానని చెప్పాడు. గెడ్డం పెరిగింది, మెడ సన్నబడింది. చూసి నా దిగులు బయటపెట్టడానికి ధైర్యం చాలలేదు. ఏవో జోకులు వేశాను.

అదే నెలలో మా కంపెనీకి కొత్త పని వచ్చింది. నర్సింగ్ హోమ్‌లు రోజూ ఎంతమందికి జబ్బు, ఎంతమంది పోయారు అని పంపే అంకెలు ఒకచోటికి చేర్చి పైవాళ్ళకి చూపించాలి. చాలా తొందర. మూడు రోజుల్లో ఆ ప్రోగ్రామ్ నేనే రాశాను, ఇంట్లో డైనింగ్ టేబుల్ మీద, పక్కన మా అమ్మాయి ఆన్‌లైన్ క్లాసు మోగుతుండగా. ఎవరైనా ఆ రోజు అంకె పంపకపోతే గ్రాఫు తెగిపోతుంది, మేనేజర్ అడుగుతాడు. అందుకని అంకె రాకపోతే సున్నా వేయమని ఒక లైను రాశాను. ఆలోచించి రాసింది కాదు. పదిహేనేళ్ళుగా అలవాటైన వేళ్ళు రాసేశాయి. డెక్లన్ వంటింట్లో జరిగిందేదీ ఆ క్షణాన నాకు గుర్తుకే రాలేదు.

వారం తర్వాత ఓర్లా ఫోన్ చేసింది. డెక్లన్‌కి ఒక్కతే కూతురు; డండాక్ అనే ఊళ్ళో కాలేజీలో పాఠాలు చెబుతుంది. నాన్నని తన ఇంటికి తీసుకుపోవాలా వద్దా అని కొట్టుమిట్టాడుతోంది. కింద గదిలో మంచం వేసి ఉంచిందట. కానీ ఆయన్ని లేపి కూర్చోబెట్టాలంటే ఇద్దరు కావాలి, ఆ రోజుల్లో సాయానికి ఎవరూ ఇంటికి రావడం లేదు. మళ్ళీ పడితే ఆ తప్పు తనదవుతుంది.

"శ్రీ, నువ్వు ఆ అంకెలు చూస్తావు కదా. అవి బయటికి చెప్పకూడదని నాకు తెలుసు. ఒక్క మాట చెప్పు చాలు, అక్కడికి వచ్చిందా?"

లాప్‌టాప్ తెరిచి ఆ హోమ్ పేరు వెతికాను. వరసగా ఆరు రోజులు సున్నా, సున్నా, సున్నా. నాకు ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తుంది.

"ఒక్క కేసు కూడా లేదు ఓర్లా. బయటికన్నా అక్కడే క్షేమం. ఉండనీ."

అవతల ఆమె ఏడ్చింది. థాంక్స్ అని నాలుగైదుసార్లు అంది. ఒక మంచి పని చేశానన్న తృప్తితో నేను వెళ్ళి అన్నం తిన్నాను.

రెండు రోజులకి డెక్లన్‌తో మాట్లాడాను. గొంతు బొంగురుగా ఉంది. టీ తెచ్చే అమ్మాయి మూడు రోజులుగా కనిపించడం లేదన్నాడు. ఎదురు గదిలో ఉండే ముసలాయన మంచం మీద దుప్పటి తీసేశారన్నాడు. నేను చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను, "కంగారు పడకండి డెక్లన్, మీ దగ్గర ఏమీ లేదు. నేను చూశాను."

"ఎవరు చెప్పారు నీకు?" అన్నాడు.

"సిస్టమ్‌లో ఉంది."

ఆయన ఊపిరి బరువుగా వినిపించింది. తర్వాత "సరే" అన్నాడు. నన్ను నమ్మి అన్నాడో, ఇక నాతో వాదించే ఓపిక లేక అన్నాడో తెలియదు. ఆ తర్వాత ఆయన ఫోన్ ఎత్తలేదు. మేం మాట్లాడిన తొమ్మిదో రోజు పొద్దున్న ఓర్లా మెసేజ్ వచ్చింది, నాన్న పోయాడని. అంత్యక్రియలకి పదిమందికే అనుమతి. మా వీధి వీధంతా ఎవరి గుమ్మం ముందు వాళ్ళం దూరదూరంగా నిలబడ్డాం. ఆయన శవపేటికతో వచ్చిన కారు ఆ ఇంటి ముందు ఒక్క నిమిషం ఆగి వెళ్ళిపోయింది. మా అమ్మాయి రెండు వాకిళ్ళ మధ్య ఉన్న పొట్టిగోడ మీద చెయ్యి వేసి నిలబడింది.

ఆ మధ్యాహ్నం లాప్‌టాప్ తెరిచాను. పైకి కనిపించే గ్రాఫు కాదు, దాని వెనక వచ్చిన అసలు అంకెలు చూశాను. ఆ హోమ్ నుంచి దాదాపు మూడు వారాలుగా ఒక్కటీ రాలేదు. పంపాల్సినావిడే జబ్బుపడింది, ఆమె బదులు పంపేందుకు మనుషులు మిగల్లేదు. అది తర్వాత తెలిసింది. ఆ సున్నాలు ఎవరూ చెప్పినవి కావు. అన్నీ నావే. రమ వచ్చి నా ముఖం చూసి ఏమైందని అడిగితే అంతా చెప్పాను. ఆమెది కరీంనగర్, మాట చుట్టు తిప్పదు.

"ఓర్లాకు చెప్పినవా?"

"ఎలా చెప్పను రమా? ఇప్పుడు చెప్పి ఏం లాభం? ఆమె ఇంకా కుమిలిపోతుంది."

"ఆమె కోసం ఆగుతున్నవా, నీ కోసమా? జర నిజం చెప్పు."

మర్నాడు ఆ లైను తీసేశాను. గ్రాఫు ముక్కలు ముక్కలుగా కనిపించడం మొదలైంది. మేనేజర్ చిరాకుపడ్డాడు. ఆ ఖాళీలు అలాగే ఉంటాయని, కావాలంటే నన్ను తీసెయ్యమని చెప్పాను. రోజూ పొద్దున్నే అంకె పంపని హోమ్‌లకి నేనే ఫోన్ చేసేవాణ్ణి. కొన్నిచోట్ల ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. ఒకచోట ఒక నర్సు ఎత్తి, అంకె చెప్పబోయి వెక్కి వెక్కి ఏడ్చింది. అవన్నీ చేయడం నాకు సులువే. ఓర్లాకి చెప్పడమే నెలన్నరపాటు చేతకాలేదు. ఈలోగా ఆమె ఒకసారి మాకు కార్డు కూడా పంపింది, నా మాట వల్లే ఆ చివరి రోజుల్లో కాస్త నిద్రపోగలిగానని.

ప్రయాణాల మీద ఆంక్షలు సడలాక ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చింది. వాకిట్లో ఆ పొట్టిగోడకి అటు ఆమె, ఇటు నేను. మాస్కు వల్ల కళ్ళే కనిపిస్తున్నాయి. మొత్తం చెప్పాను. ఆ సున్నా లెక్క కాదని, అంకె రాకపోతే ఖాళీ నింపడానికి నేను పెట్టిందని, ఖాళీకీ సున్నాకీ తేడా వాళ్ళ నాన్నే నాకు రెండు ఆదివారాలు కూర్చోబెట్టి నేర్పాడని. క్షమించమని మాత్రం అడగలేకపోయాను.

ఓర్లా చేతిలోని అట్టపెట్టె గోడ మీద పెట్టింది.

"నాకు చెప్పేముందు ఆ హోమ్‌కి ఒక్క ఫోన్ చేశావా?"

"లేదు."

"నేనూ చేయలేదు" అంది. "నువ్వు చెప్పావు కదా అని."

అరిచి ఉంటే బాగుండేది. పెట్టె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ తర్వాత నా మెసేజీలకి జవాబు రాలేదు. ఇంట్లోకి వేరేవాళ్ళు వచ్చారు, మంచివాళ్ళే. ఇన్నేళ్ళయ్యాక కూడా రమ అప్పుడప్పుడు ఓదారుస్తుంది, ఇంటికి తీసుకుపోయినా ఆయన బతికేవాడో కాదో, అప్పుడు నీకేం తెలుసని. తెలియక చేసినవాడికి ఆ ఊరట సరిపోతుంది. నాకు డెక్లన్ ముందే చెప్పి ఉన్నాడు.