బొమ్మల యోగన్న పీకేసిన స్క్రూ

ఎల్బీనగర్‌లో ఆ గల్లీకి వచ్చి యోగేందర్ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ చెప్పలేరు. బొమ్మల యోగన్న ఇల్లని అడిగితే మాత్రం ఇస్త్రీ బండి ఆమె కూడా పెట్టె పక్కన పెట్టి మరీ దారి చూపిస్తుంది. నలభై ఏళ్ల మనిషి. కాస్త బట్టతల, కాస్త పొట్ట. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక సందులోని బొమ్మల దుకాణంలో పద్దెనిమిదేళ్లుగా కౌంటర్ వెనక నిలబడుతున్నాడు. సెలవు రోజు మధ్యాహ్నం కిటికీ దగ్గర పీట వేసుకుని, ఫోన్ ముందు కూర్చుని బొమ్మల రివ్యూలు చెబుతాడు. ఒక్కోదాన్ని అరవై వేల మంది దాకా చూస్తారు. పిల్లల్లేని వాడికి ఈ బొమ్మల పిచ్చేమిటని చుట్టాలు ఎత్తిపొడిచేవారు. ఆ మాట గుండెల్లో గుచ్చుకున్నా పైకి నవ్వేసేవాడు.

అతని అలవాటొకటి ముందే చెప్పాలి. దుకాణానికి వచ్చినవాళ్లు బొమ్మను ఆడించి చూపిస్తే గాని కొనరు. అందుకని యోగేందర్ చొక్కా జేబులో ఎప్పుడూ నాలుగు రకాల సెల్స్ ఉంటాయి. వేస్తాడు, బొమ్మ అరుస్తుంది, తీస్తాడు, ఇంకో బొమ్మలో వేస్తాడు. ప్రతిసారీ స్క్రూడ్రైవర్ తిప్పుతూ కూర్చుంటే గిరాకీ పక్క దుకాణానికి పోతుంది. అందుకే సరుకు విప్పిన రోజే సెల్ మూతల స్క్రూలన్నీ పీకి ఒక డబ్బాలో పడేస్తాడు. ఆ తర్వాత గోటితో లేపితే మూత ఊడి వస్తుంది. డబ్బాలో వేల స్క్రూలున్నాయి. వాటిలో ఒక్కటి కావాలని ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు.

మొన్న ఎండాకాలంలో దుకాణానికి రోబో డైనోసార్ వచ్చింది. మూరెడు పొడుగు, బూడిద రంగు, నోరు తెరిస్తే ఎర్రటి కళ్లు వెలుగుతాయి. తోక మడిచి భుజానికి తగిలించి, తల ఛాతీ మీదికి వంచి, కాళ్లు తిప్పితే రోబో మనిషి అవుతుంది. యోగేందర్ దాన్ని ఇంటికి తెచ్చి కెమెరా ముందు పెట్టాడు.

“నమస్తే అన్నలు, అక్కలు, నేను మీ బొమ్మల యోగన్న. గీ డైనోసార్ చేతిల పట్టుకుంటే జర బరువుంది, మంచిగనిపిస్తది. పదమూడు మలుపులల్ల మనిషైతడు. తోక కీలు మాత్రం లూజున్నది, అబద్ధం చెప్పను. ఎడమ దవడ కాడ రంగు కారింది. ఇగ ఒక టిప్ చెప్త, ఇనుండ్రి. కడుపుల రూపాయి బిళ్లంత సెల్ ఉంటది. మూతకు గీ స్క్రూ ఉంది చూడుండ్రి, దీన్ని తీసి పారెయ్యుండ్రి. ఊకె స్క్రూడ్రైవర్ కోసం దేవులాడే పని తప్పుతది.”

స్క్రూను రెండు వేళ్ల మధ్య పట్టుకుని చూపించి, కిటికీలోంచి విసిరేశాడు కూడా. ఆ విసురుడు జనానికి తెగ నచ్చింది. అట్టపెట్టె వెనక ఎర్ర త్రికోణం, దాని పక్కన ఇంగ్లీషులో చిన్న అక్షరాల హెచ్చరిక నాలుగు వరుసలు ఉంది. దవడ మీద రంగు చుక్కను పట్టుకున్న కళ్లకు ఆ నాలుగు వరుసలు ఆనలేదు. ఒక్క నిమిషం ఆగి చదివితే ఏం పోయేది!

రివ్యూ అయిన బొమ్మను అతను ఇంట్లో ఉంచుకోడు. కింది వాటాలో తణుకు నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం ఉంది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకు పోతే, రెండేళ్ల తన్మయిని నానమ్మ శేషారత్నం చూసుకుంటుంది. యోగేందర్ బండి చప్పుడు వింటే చాలు, ఆ పిల్ల గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చి రెండు చేతులూ చాపుతుంది. ఆ చేతుల కోసమే అతను దుకాణం నుంచి దారిలో ఎక్కడా ఆగకుండా వచ్చేవాడు. డైనోసార్ కూడా తన్మయికే చేరింది.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు మెట్ల దగ్గర శేషారత్నం అతన్ని ఆపింది.

“నాయనా, ఆ బొమ్మ అరవడం మానేసిందయ్యా. చూస్తే లోపల బిళ్ల లేదు. ఎక్కడ పడేసిందో, ఇల్లంతా ఊడ్చినా దొరకలేదు.”

“గంతే కదా పెద్దమ్మా, పరేషాన్ ఎందుకు?” అని యోగేందర్ జేబులోంచి సెల్ తీసి, గోటితో మూత లేపి వేశాడు. బొమ్మ గర్జించింది. ఎప్పుడూ చప్పట్లు కొట్టే తన్మయి ఆరోజు నానమ్మ భుజం మీద తల ఆనించి చూస్తూ ఊరుకుంది. నిద్రొస్తోందేమో అనుకుని పైకి వెళ్లిపోయాడు.

ఆదివారం పొద్దున కింది నుంచి దగ్గు వినపడింది. పొడి దగ్గు, మధ్యమధ్య బొంగురుగా ఏడుపు. పాలు తాగట్లేదని, నోట్లోంచి చొంగ ఆగట్లేదని, జలుబు చేసిందని శేషారత్నం అంది. ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీసింది. కొడుకూ కోడలూ నాగోల్‌లో పెళ్లికి వెళ్లారు. యోగేందర్‌కు ఎందుకో మనసు కుదురుగా లేదు. రెండుసార్లు కిందికి దిగి, ఏం చెయ్యాలో తోచక తిరిగి ఎక్కాడు.

మధ్యాహ్నం అన్నాల దగ్గర భార్య స్వప్న మామూలుగానే అడిగింది. “నిన్న పోయిందన్న సెల్ దొరికిందా?”

కంచంలో యోగేందర్ చెయ్యి అలాగే ఉండిపోయింది. దొరకలేదు. ఊడ్చినా దొరకలేదు. పిల్ల మింగలేకపోతోంది. మూడూ ఒక్కసారి ఒకచోట చేరాయి. ఎంగిలి చేత్తోనే మెట్లు దిగి, పిల్లను ఎత్తుకుని, ఆటో కోసం రోడ్డు మీదికి పరుగెత్తాడు. స్వప్న, శేషారత్నం చెప్పులు కూడా వేసుకోకుండా వెనకాల వచ్చారు.

దవాఖానలో ఎక్స్‌రే తీశారు. గొంతు కింద గుండ్రంగా, తెల్లగా కనపడింది.

“రూపాయి బిళ్లా డాక్టరుగారూ?” అంది శేషారత్నం ఆశగా.

“కాదమ్మా. అంచున రెండు గీతలున్నాయి చూడండి, ఇది సెల్. ఉన్నచోటే కాలుస్తుంది. ఎప్పుడు మింగింది?”

“మేం చూళ్లేదండీ. ఇవాళ పొద్దున్నించే తినట్లేదు.”

డాక్టరు ఇవాళ పొద్దున అని రాసుకోబోయాడు. ఆమె మాటే ఉండనిస్తే యోగేందర్‌ను ఎవరూ అడగరు. ఆ ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. దానికి జీవితాంతం సిగ్గుపడతాడు.

“కాదు సార్,” అన్నాడు. “నిన్న సాయంత్రం ఆరుకు ముందే.”

“మీకెలా తెలుసు?”

“కొత్త సెల్ నేనే ఏసిన సార్.”

శేషారత్నం అతని వంక తిరిగి చూసింది. డాక్టరు గడియారం చూశాడు. “రెండు గంటల్లో తియ్యాల్సింది. ఇరవై గంటలు దాటింది,” అని లోపలికి పరుగెత్తాడు.

నోట్లోంచి గొట్టం పంపి సెల్ తీశారు. ఒక పక్క నల్లగా మాడిపోయి ఉంది. ఆహారనాళం లోపల కాలిందని, రంధ్రం పడుతుందో లేదో వారం దాకా చెప్పలేమని, అప్పటిదాకా నోటితో చుక్క నీళ్లు కూడా ఇవ్వొద్దని అన్నారు. తల్లీ తండ్రీ పెళ్లి బట్టల్లోనే వచ్చి అద్దం తలుపు దగ్గర నిలబడ్డారు. యోగేందర్ వాళ్లకు ఎదురుపడలేక వరండా చివరికి పోయి, వీడియో తీసేద్దామని ఫోన్ తెరిచాడు.

వేలు మీట దాకా వెళ్లి ఆగింది. తీసేస్తే కింద కామెంట్లు రాసినవాళ్లు కూడా పోతారు. వాళ్లకు చెప్పేదెలా? నాలుగు వందల పైచిలుకు కామెంట్లు. టిప్ సూపర్ అన్నా. మేం కూడా తీసి పారేసినం అన్నా. ఒక్కొక్కరికీ రాయడం మొదలుపెట్టాడు. “స్క్రూ మళ్ల పెట్టుండ్రి, నేను తప్పు చెప్పిన.” తొందరలో అక్షరాలు తప్పు పడుతున్నా దిద్దుకోకుండా పంపేశాడు.

సగం దాకా వచ్చేసరికి అమల అనే పేరు తగిలింది. “అన్నా, మా పాప బొమ్మల సెల్ ఏడనో పడిపోయింది. ఎంత దేవులాడినా దొరుకుతలేదు. ఏ నంబర్‌ది కొనాలె?”

తొమ్మిది రోజుల కిందటి మాట. కింద అతని జవాబే ఉంది: సెల్ నంబరు, ఏ దుకాణంలోనైనా దొరుకుతదన్న మాట, పక్కన ఎర్ర గుండె బొమ్మ. ఆ తర్వాత అమల ఏమీ రాయలేదు.

“అక్కా, పాప ఎట్లుంది?” అని రాశాడు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. స్వప్న వచ్చి పిలిచినా లేవలేదు. చీకటి పడేదాకా చూశాడు, జవాబు రాలేదు.