పెద్దాయనకు అందని జున్నుపాలు

ఇన్నేళ్లుగా నేను మోస్తున్నది ఒక రాయి. మాటవరసకు అనడం లేదు. నడుమెత్తు రాయి, నలుగురం పట్టి లారీ ఎక్కించినది. మీరు నన్ను ఎరగరు, అందుకే మీకు చెబుతున్నాను. ఎరిగినవాళ్లకు చెప్పే ధైర్యమే ఉంటే ఎప్పుడో చెప్పి ఉండేవాణ్ణి.

గనులు ప్రభుత్వం చేతికి వచ్చిన తరువాతి రోజులవి. కోలారు బంగారు గనుల ఊళ్లో, ఒకప్పుడు తెల్లదొరలు కాపురమున్న బంగళాలో చిన్న కళా మ్యూజియం ఉండేది. నా ఉద్యోగం అక్కడే. మధ్యాహ్నం గని సైరన్ మోగగానే ఆఫీసు గుమాస్తాలు, బట్టల కొట్ల వాళ్లు, టీచరమ్మలు క్యారియర్లు పట్టుకుని వచ్చేవారు. వాళ్లు చాపల మీద కూర్చుని తింటూ ఉంటే, నేను ఏదో ఒక బొమ్మ పక్కన నిలబడి దాని కథ చెప్పేవాణ్ణి. బాగా చెప్పేవాణ్ణి. బాగా చెబుతానని నాకు మరీ బాగా తెలుసు. చేటు అక్కడే వచ్చింది.

కామసముద్రం దగ్గర ఒక పల్లెలో, వెంకటలక్ష్మమ్మ అనే ముసలామె పొలం గట్టున పాత రాయి ఉందని విని వెళ్లాను. నల్లగా, జిడ్డుగా ఉంది. ఆ ఇంటివాళ్లు దాన్ని పెద్దాయన అంటారు. ఆవు ఈనితే మొదటి జున్నుపాలు ఆయన మీద పోయాలి. ఆ తరువాతే ఇంట్లో జున్ను వండుకోవడం, డెయిరీకి పాలు పోయడం. ఎందుకని అడిగితే ఆమెకు తెలియదు. అత్త చేసింది, తనూ చేస్తోంది. తరతరాల పాలు, నూనె, పసుపు వేలి మందాన పేరుకుపోయి, కింద ఏముందో ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు. నేను గోటితో గీకాను. విల్లు కొస ఒకటి కనబడింది.

మ్యూజియంలో చూపించి తెచ్చేస్తాను, ఒక్క నెల ఇవ్వమని అడిగాను.

"ఆవు చూడితో ఉండాదప్పా. అది ఈనేలోపల పెద్దాయన్ని తెచ్చి పెట్టేస్తావా?"

"తెచ్చేస్తానవ్వా. పూచీ నాది" అన్నాను. అన్నప్పుడు అది అబద్ధం కాదు. కాదనే అనుకుంటున్నాను. నిజంగా కాదా? విల్లు కొస కనబడిన క్షణంలోనే నా మనసు ఆ రాయిని బంగళాలో నిలబెట్టేసిందేమో.

వేడినీళ్లు, సోడా, ఇనుప బ్రష్షు పెట్టి నా చేతులతో నేనే తోమాను. పొర ఊడుతుంటే పులిసిన పాల కంపు గుప్పుమంది. ముక్కుకు గుడ్డ కట్టుకున్నాను. అప్పుడు నాకు ఆ జిడ్డు మీద అసహ్యం వేసింది. ఇప్పుడు ఆ గుడ్డ కట్టుకున్నవాడి మీద వేస్తోంది. పొర పోయాక బొమ్మ తేలింది. విల్లు ఎక్కుపెట్టిన మనిషి, ఒంటినిండా బాణాలు, వెనక ఆవుల మంద. దొంగలు తోలుకుపోతున్న మందకు అడ్డుపడి చచ్చిపోయిన మనిషి కోసం ఊరు నిలబెట్టుకున్న వీరగల్లు అది.

ఆ కథకు జనం విరగబడ్డారు. వరండాలో నిలబడి విన్నారు. చెరువు గట్టున దిక్కులేకుండా పడి ఉంటే తెచ్చానని చెప్పాను. ఆ మాట ఎందుకన్నాను? కథకు బాగుంటుందని. అంతే, ఇంకే కారణమూ లేదు. నెల దాటింది. నేను రాయి పంపలేదు.

ఒక మధ్యాహ్నం సైరన్‌కు కాస్త ముందు ఆమె వచ్చింది. బంగారుపేటలో రైలు మారి, మారికుప్పంలో దిగి నడిచింది. చేతిలో మూతికి గుడ్డ కట్టిన ఇత్తడి చెంబు.

"ఆవు ఈనింది. నువ్వు రాలేదని నేనే వచ్చినానప్పా. యాడ పెట్టినావు పెద్దాయన్ని?"

హాలంతా వెతికింది. ఆ రాయి ముందు ఆగింది, చూసింది, దాటిపోయింది. మళ్లీ నా దగ్గరికి వచ్చింది. "ఈడ లేడు. మా ఆయప్ప నల్లగుంటాడు. బొమ్మలేమీ ఉండవు."

చేయి చూపిస్తే చాలు. ఇదే మీ పెద్దాయన, ఆవుల కోసం చచ్చిపోయినాడు, అందుకే మీరు పాలు పోస్తారు. నాలుగు మాటలు. ఊరందరికీ చెప్పాను, ఆమెకు చెప్పలేకపోయాను. కథ వినాలని సైరన్‌కు ముందే కొందరు చాపల మీద చేరుతున్నారు. దిక్కులేని రాయికి దిక్కు వచ్చిందంటే వాళ్ల ముందు నా ముఖం ఏం కావాలి?

"లారీలో పగిలిపోయిందవ్వా. పగిలింది ఉంచకూడదని చెరువులో వదిలేసినాము."

ఆమె నేల మీద కూర్చుండిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ కొంగు చాటు నుంచే అడిగింది.

"వదిలినంక తలకు పోసుకుంటిరా?"

"పోసుకున్నాము."

"పోనీలేప్పా. చదువుకున్నోడివి, నీ చేతుల మీదనే పోయినాడు. ఇంటికి పోయి మేమూ పోసుకుంటాము." లేచి, వెళ్లబోతూ, నేను తోమిన రాయి వైపు చూసింది. "ఈయప్ప ఎవురింటోడో పాపం. ఒళ్లంతా ఎండిపోయి ఉండాడు. ఈ పాలు ఈయనకన్నా పోసేదా?"

జనం ఉండగా ఇక్కడ పోయకూడదన్నాను. ఆమె దగ్గర చెంబు తీసుకున్నాను. సాయంత్రం నేనే పోస్తానన్నాను. పాలు వేరే గిన్నెలోకి వంచి ఖాళీ చెంబు ఇచ్చాను. ఆమె నాకు దండం పెట్టింది. నాకు.

ఆమె గేటు దాటకముందే ఆ గిన్నె వాచ్‌మన్ భార్యకిచ్చి జున్ను వండమన్నాను. సైరన్ మోగింది. నేను ఎప్పటిలాగే ఆయన పక్కన నిలబడి, ఆయన ఆవుల కోసం ప్రాణమెలా ఇచ్చాడో చెప్పాను. చప్పట్లు కొట్టారు. కథ ముగిసేసరికి బెల్లం, యాలకులు వేసిన జున్ను వచ్చింది. అందరికీ పంచాను. ఆయన భుజం మీద చేయి ఆనించి నేనూ తిన్నాను. ఇంకో ముక్క అడిగి వేయించుకున్నాను.

ఎన్నోసార్లు ప్రశ్నించుకున్నాను. రాయి ఉంచుకున్నది ఆశ, అబద్ధమాడింది పిరికితనం. మరి ఆ రెండో ముక్క ఏమిటి? దానికి నాకు పేరు దొరకలేదు. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారు. నాకు మతి పోలేదు, తెలిసే తిన్నాను.

వెంకటలక్ష్మమ్మ పోయిందని కొన్నేళ్ల తరువాత విన్నాను. మ్యూజియం కూడా మూతపడింది, రాయిని ఎక్కడికో తరలించారు. నేను వెతకలేదు. ఆనాటి నుంచి జున్ను ముట్టడం మానేశానని చెబితే మీరు నన్ను కాస్త క్షమించేవారేమో. మానలేదు. ఎవరు పెట్టినా తింటాను. రుచిగానే ఉంటుంది.

క్షమించమని అడగను. అడగవలసిన మనిషి లేదు. ఒక్కటి మాత్రం చెప్పి లేస్తాను. ఆ రాయి దిక్కులేనిది కాదు. కామసముద్రం దగ్గరి వెంకటలక్ష్మమ్మ ఇంటి పెద్దాయన. అన్ని మధ్యాహ్నాలు మాట్లాడినా ఈ మాట నా నోట రాలేదు. ఇప్పుడు వచ్చింది.