పాటలు మిగిల్చిన సినిమా

వీధిలో అందరూ ఆయన్ని డైరెక్టరుగారనే పిలుస్తారు. తీసింది ఒక్క సినిమా. అది వారం తిరక్కుండానే హాళ్ళు ఖాళీ చేసింది. దాని పాటలు మాత్రం ముప్ఫై ఏళ్ళుగా జనం నోళ్ళలో నానుతూనే ఉన్నాయి. ఇప్పుడాయన ఇరుకు గదిలో, ముక్కు మీదికి జారే కళ్ళజోడును వేలితో తోసుకుంటూ పెళ్ళి వీడియోలు ఎడిట్ చేస్తాడు. వచ్చిన ప్రతి జంటా అందులో ఆ సినిమా పాటే పెట్టమంటుంది. "సినిమా చూశారా?" అని అడక్కుండా ఉండలేడు. "పాటలు సూపరండీ, సినిమా ఎవరు చూస్తారు!" అని నవ్వుతారు వాళ్ళు. ఆయన పంటి బిగువున పాట అతికిస్తాడు.

మొన్న సాయంత్రం టీవీలో ఆ సినిమా వేశారు. భార్యను పిలిచి పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కొండ మీద తల్లీకొడుకులు విడిపోయే సీను వచ్చింది. యూనిట్ అంతా తిట్టుకుంటున్నా మంచు కురిసేదాకా ఆగి, పంతం పట్టి తీసిన సీను. ఆవిడ ముందుకు వంగి, "అయ్యో, వీడు వెళ్ళిపోతాడా?" అంది.

"అదేమిటే, మొదటాట నా పక్కనే కూర్చుని చూశావుగా!"

ఆవిడ నాలిక్కరుచుకుంది. "నిద్ర పట్టేసిందండీ. పాటొచ్చినప్పుడల్లా మెలకువొచ్చేది."

ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. లోకం ఏమన్నా మా ఆవిడకు నచ్చింది, అది చాలు అనుకుంటూ ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. టీవీలో పాట మొదలైంది. ఆవిడ సన్నగా గొంతు కలిపి, హాయిగా కళ్ళు మూసుకుంది. లోయలోకి పూలు రాలే షాటును ఆయనొక్కడే చూశాడు.