నోరు మెదపని ఇద్దరం

మా గోదావరి వైపు మాట్లాడని మనిషికి రెండే పేర్లు. ఒకటి పొగరు, రెండోది తిక్క. చిన్నప్పుడు ఇంట్లో నన్ను బెల్లం కొట్టిన రాయి అనేవారు. చుట్టాలొస్తే గోడవారన నిలబడి, వీళ్ళెప్పుడు వెళ్తారా అని వాళ్ళ చెప్పులకేసి చూసేదాన్ని. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుద్దే" అని మా అమ్మ మొట్టికాయ వేసేది. నా నోరేం చెడ్డది కాదు. తెరవబుద్ధి కాదు, అంతే.

ఇప్పుడు రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో డయాలసిస్ టెక్నీషియన్ని. కిడ్నీలు పాడైనవాళ్ళ రక్తాన్ని మెషీన్‌లోకి పంపి, శుభ్రం చేసి, మళ్ళీ ఒంట్లోకి ఎక్కించడం నా పని. మెషీన్లంటే నాకిష్టం. తేడా వస్తే కూత పెడతాయి, లేకపోతే వాటి పని అవి చేసుకుపోతాయి. గొడవంతా మనుషులతోనే. కిందటి వేసవిలో మా ఇన్‌చార్జి మేడంగారు పిలిచి, "పేషెంట్లతో కాస్త సరదాగా మాట్లాడమ్మా. నీ మొహం చూస్తే వాళ్ళకి బీపీ పెరిగిపోతోంది" అన్నారు. ఒళ్ళు మండిపోయింది. అయినా ఉద్యోగం కదా. బస్సులో వస్తూ "టిఫిన్ ఏం చేశారండీ, పిల్లలేం చదువుతున్నారండీ" అని లోపల్లోపల వల్లె వేసుకునేదాన్ని. తీరా బెడ్డు దగ్గరికి వెళ్ళేసరికి ఆ మాటలు నాకే రోత పుట్టేవి. చేతికి సూదులు గుచ్చించుకుని పడుకున్న మనిషిని పట్టుకుని టిఫిన్ సంగతేంటి?

అప్పట్లోనే ఒకాయన డయాలసిస్‌కి వస్తుండేవారు. రామచంద్రపురం అవతల ఏటి ఒడ్డు ఊరు, చేపల వేట మానేసి ఏడాది. తోడు వచ్చేది భార్య. ఆవిడ బజారులో చేపలమ్ముతారు. ఇంటివాళ్ళని వార్డు లోపలికి రానివ్వం కాబట్టి బయట హాల్లో కూర్చునేవారు గానీ, ఆవిడ గొంతు మాత్రం మాతోపాటు లోపలే ఉండేది. ఆయన కప్పుకేసి చూస్తూ పడుకునేవారు. "ఏంటి బాబాయ్, పిన్నిగారు తిట్టారా?" అని నర్సులు ఆట పట్టిస్తే పెదవి కొంచెం కదిపేవారు.

ఒకసారి ఆయన రక్తపరీక్షలో పొటాషియం బాగా ఎక్కువొచ్చింది. డాక్టరుగారు బెడ్డు పక్కన నిలబడి, "ఇంకా పెరిగితే గుండె ఆగిపోతుందండి. ఏం తింటున్నారు, ఏం తాగుతున్నారు?" అని అడిగారు. ఆయన "ఏం లేదండి" అన్నారు. నర్సు వెళ్ళి భార్యని అడిగితే, "చుక్క నీళ్ళు ఎక్కువ ఇత్తే ఒట్టండి. అరటిపండు గుమ్మం తొక్కనివ్వట్లేదు" అని బల్లగుద్ది చెప్పారు. ఇద్దరూ అబద్ధమాడే మనుషుల్లా లేరు. మరి ఆ పొటాషియం ఎక్కణ్ణుంచి వస్తున్నట్టు?

తర్వాత వచ్చినప్పుడు ఆయన బీపీ పడిపోతుంటే నన్ను పక్కనే ఉండి చూసుకోమన్నారు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. మేడంగారు అటూ ఇటూ తిరుగుతూ నాకేసి చూస్తున్నారు. మాట్లాడు, మాట్లాడు అని నాలో నేను పోరుపెట్టుకున్నాను. టిఫిన్ ప్రశ్న గొంతుదాకా వచ్చింది. మింగేశాను. ఇద్దరం మెషీన్ చప్పుడు వింటూ చాలాసేపు ఉండిపోయాం.

"బొండం తాగుతన్నానమ్మా" అన్నారాయన, కప్పుకేసి చూస్తూనే.

నేను అయ్యో అనలేదు. అంటే ఆ నోరు మళ్ళీ మూతపడుతుందని నాకు తెలుసు, నాదీ అలాంటి నోరే కాబట్టి. ఊరుకున్నాను. కాసేపటికి మిగతాది వచ్చింది.

"నీళ్ళు తగ్గించాలన్నారు గదా. దాహానికి తట్టుకోలేనని, నీళ్ళ బదులు బొండం ఇత్తంది. బజారు నించి రాగానే తనే కొడతాది. నేను తాగేదాకా ఎదురుగా కూకుంటాది."

"వద్దన్నారని చెప్పలేదాండీ?"

"తిండి గురించి మీరు చెప్పిన రోజు నేనొక్కణ్ణే వచ్చేను. నీళ్ళ సంగతీ అరటిపండు సంగతీ చెప్పేను. బొండం సంగతి తర్వాత చెబుదారిలే అనుకునేసరికే కొట్టి చేతిలో పెట్టేసింది. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ తనే ఇసం పోసినట్టు అనుకోదా అమ్మా? దానికి చెప్పకండి."

మా వైపు జ్వరమొచ్చినా, వడదెబ్బ తగిలినా ముందు కొట్టేది బొండమే. కొబ్బరి నీళ్ళని ఎవరూ నీళ్ళ లెక్కలో వెయ్యరు, మందు కింద చూస్తారు. కిడ్నీలు పోయినవాళ్ళకి అందులో పొటాషియమే ప్రాణం మీదికి తెస్తుంది.

డాక్టరుగారికి చెప్పక తప్పదని ఆయనతో అనే లేచాను. డాక్టరుగారు, "ఇంటికి వెళ్ళేలోపు భార్యకి తెలియాలి, మీరే చూడండి" అన్నారు. అక్కణ్ణుంచి కాలు కాలిన పిల్లిలా తిరిగాను. హాల్లోకి వెళ్ళి ఒక్క ముక్క చెప్పేస్తే అయిపోతుంది. కానీ నేను చెబితే అది ఆయన మీద చాడీ అవుతుంది. చెప్పకపోతే సాయంత్రానికి ఇంకో బొండం. తలుపుదాకా వెళ్ళడం, వెనక్కి రావడం. చివరికి ఆయన దగ్గరికే వెళ్ళి, "మీరే చెప్పాలండి. నేను పక్కనుంటాను" అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నారు. వద్దని మాత్రం అనలేదు.

మేడంగార్ని అడిగి ఆవిణ్ణి లోపలికి తీసుకొచ్చాను. "ఏమైందండీ, కళ్ళు తిరిగినియ్యా, పొద్దున్న ఇడ్లీ కూడా సరిగా తినలేదండీ" అంటూనే వచ్చారు.

"ఈయన మీకో మాట చెప్పాలంటండి" అని ఊరుకున్నాను.

ఆయన నోరు పెగల్లేదు. మేడంగారు సాయం చేద్దామని "అదేంటంటే అమ్మా" అని అందుకోబోయారు. ఆగమని చెయ్యెత్తాను. ఎత్తాక నా చెయ్యి చూసి నాకే దడ పుట్టింది. ఆవిడ రకరకాలుగా అడిగి, అడిగి, తనూ ఆగిపోయారు. అప్పుడన్నారు ఆయన.

"బొండం తాగకూడదంట. మొదట్లోనే చెప్పేరు."

ఆవిడ మొగుడికేసి చూశారు, తర్వాత తన చేతులకేసి చూసుకున్నారు. "నా చేత్తో నేనే పోసేనా" అన్నారు.

"ఎదురుగా కూకుని ఇత్తే వద్దనలేకపోయేను."

ఆవిడ స్టూలు మీద కూలబడి పమిటచెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆయన ఖాళీగా ఉన్న చెయ్యి ఆవిడ మోకాలి మీద వేశారు. ఆవిడ కళ్ళు తుడుచుకుని నావైపు తిరిగారు.

"మీకెప్పుడు చెప్పేరమ్మా?"

"ఇందాకేనండి."

"మీరేం అడిగేరు?"

"ఏమీ అడగలేదండి."

"నేను అడగని రోజు లేదమ్మా" అన్నారావిడ.