చిన్న విమానానికి పెద్ద గొంతు

ఈ ఉదయం మా అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో ఒక సందేశం వచ్చింది. ఎదురుగా కడుతున్న టవర్లలో రాత్రంతా స్లాబులు పోస్తున్నారనీ, మిక్సర్ లారీల మోతకు ఎవరికీ నిద్ర ఉండడం లేదనీ, ఫిర్యాదుకు ఒప్పుకునేవాళ్ళు బొటనవేలి బొమ్మ పెట్టమనీ. నా కాఫీ చల్లారేలోపు మా నల్లగండ్లలోని బొటనవేళ్ళన్నీ దాని కింద చేరినట్టున్నాయి. నా వేలు మాత్రం తెర దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. మోత అబద్ధం కాదు. మా మంచం పక్క కిటికీ అద్దం కూడా సన్నగా వణుకుతోంది. కానీ నిద్ర చెడిందని ఒకరిని అనడానికి మా ఇంట్లో ఎవరికీ నోరు లేదు. అందుకు కారణం, ఈ చివరి నుంచి ఆ చివరికి నా రెండు మూరలైనా లేని ఒక బొమ్మ విమానం.

కొన్నేళ్ళ కిందట మావారు ప్రభుత్వోద్యోగం నుంచి రిటైరయ్యాక ఇంట్లో మాట కరువైంది. పేపరు చదవడం, మడత పెట్టడం, అదే పేపరును వెనక పేజీ నుంచి మళ్ళీ చదవడం. కూర బాగుందా అంటే తల ఊపేవారు, ఉప్పు మరిచిపోయిన రోజూ అదే ఊపు. వీడ్కోలు సభలో ఆఫీసు కుర్రాళ్ళు శాలువాతోపాటు ఒక చిన్న కరెంటు విమానం ఇచ్చారు. ఈయన తన ఎన్‌సీసీ రోజుల కథలు చెప్పి చెప్పి వాళ్ళ చెవులు నింపిన ఫలితం అది. మోటారు, బ్యాటరీ, చేతిలో రిమోట్. మా వెనకాల ఖాళీ స్థలం ఆ చివర, అప్పట్లో కడుతున్న టవర్ల దగ్గర, ఆదివారం పొద్దున ఎగరేస్తే గాలిలో కాగితం జారినట్టు చప్పుడు లేకుండా తిరిగేది. నాకు ముచ్చటగా ఉండేది. ఈయనకు ఆనలేదు. "ఇది ఎగిరే ఫ్యానోయ్. విమానమంటే కాస్త అరవాలి, కాస్త కంపు కొట్టాలి" అనేవారు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ మైదానంలో చూసిన ఇంజన్ బొమ్మ విమానం ఆయన చెవుల్లో ఇంకా తిరుగుతూనే ఉందని అప్పుడు తెలిసింది.

మియాపూర్‌లో ఒక రిటైర్డు లెక్చరరు గారు అలాంటి ఇంజన్‌నే కొని, పెట్టె విప్పకుండా దాచుకున్నారట. దాన్ని తెచ్చుకున్న రోజు మావారు దారి పొడుగునా మాట్లాడారు. గ్లో ఇంజన్ అంటారు దాన్ని. నిమ్మకాయంత ఉంటుంది. తల మీది ప్లగ్గులో సన్నని తీగ చుట్ట. చిన్న బ్యాటరీ తగిలించి దాన్ని ఎర్రగా కాల్చి, విమానం ముక్కున ఉండే పంకా ఒక్కసారి తిప్పితే అంటుకుంటుంది. ఆ తర్వాత బ్యాటరీ తీసేసినా తన వేడితో తానే నడుస్తుంది. తాగేది మిథనాల్, ఆముదం. మా భోజనాల బల్ల మీద పని మొదలైంది. మోటారును, పెద్ద బ్యాటరీని ఊడదీశారు. ముక్కు కోసి గట్టి ప్లైవుడ్ బిళ్ళ అతికించారు. ఇంధనం తాగి కర్ర కుళ్ళకుండా లోపలంతా జిగురు పూశారు. బ్యాటరీ ఉన్న చోట దగ్గుమందు సీసా అంత ట్యాంకు కూర్చుంది. ముక్కు బరువెక్కి విమానం బోర్లా వాలుతుంటే, రెక్కల కింద వేళ్ళు పెట్టి నేను పట్టుకునేదాన్ని, ఆయన తోక దగ్గర సీసం ముక్కలు అంటించేవారు. నా వంటింటి కాటా ఆ నెలంతా పప్పులకు దొరకలేదు.

నేను బడి మొహం చూడలేదు. మా నాన్నగారు వరండాలో చాప మీద కూర్చోబెట్టి చెప్పిన చదువే నాది. ఏ పాఠమైనా దండం పెట్టుకునే మొదలెట్టించేవారు. అందుకే ఇంజన్‌తో వచ్చిన ఇంగ్లీషు కాగితాన్ని కూడా కళ్ళకద్దుకుని, వేలు పెట్టి నెమ్మదిగా చదివాను. ఈయన స్క్రూలు బిగిస్తూ వినేవారు.

"జనం నివసించే చోట్లకు దూరంగా నడపవలెను అని ఉందండీ."

"అక్కడ జనమెక్కడున్నారోయ్? ఆ టవర్లలో ఇంకా ఎవరూ చేరలేదుగా."

నిజమే కదా అనుకుని నేను తర్వాతి వాక్యం చదివాను.

కొత్త ఇంజన్ వెంటనే ఎగరడానికి పనికిరాదు. ముందు నేల మీదే, ఇంధనం ఎక్కువ పోస్తూ, ట్యాంకు తర్వాత ట్యాంకు నడిపి లోపలి గరుకు అరగదీయాలి. మొదటి ఆదివారం అది పొద్దెక్కేదాకా మొరాయించింది. ఈయన కర్రతో పంకా కొడుతున్నారు, నేను పక్కన నిలబడి వేంకటేశ్వరస్వామిని పిలుస్తున్నాను. ఒక్కసారిగా గావుకేక పెట్టింది. నీలం పొగ, ఆముదం మాడిన వాసన, చెవులు చిల్లులు పడే రొద. పొగలో మావారి ముఖం చూశాను. అన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ చూడనంత కుర్రతనం ఉంది. సాయంత్రం గుడికి వెళ్ళి కొబ్బరికాయ కొట్టి, "స్వామీ, ఆ చప్పుడుతో మా ఇంటికి మాట తిరిగిచ్చావు" అని మొక్కాను. రాత్రి భోజనంలో ఆయన కూరలో ఉప్పు తక్కువైందన్నారు. దానికి కూడా దండం పెట్టుకున్నాను.

అలా కొన్ని ఆదివారాలు గడిచాయి. విమానం ఇంకా నేల వదలలేదు. ఒక పొద్దున ఇంజన్ మంచి ఊపులో ఉండగా, స్థలం అంచున టవర్ల సైటుకు అడ్డంగా కట్టిన నీలం రేకుల వెనక నుంచి ఒక ఆడమనిషి వచ్చింది. చీర మీద మగవాళ్ళ చొక్కా, తలకు తువ్వాలు. ఆయన దగ్గరికి పోకుండా నా దగ్గరికి వచ్చి చెవి దగ్గర అరిచింది.

"అమ్మా, జర సారుకు చెప్పరాదు! రాత్రంత స్లాబు పోసిండ్రు. తెల్లారంగ వచ్చి పన్నరు. గిది మొదలైతే ఒక్కలన్న కన్ను మూస్తలేరు."

"ఎవరమ్మా?"

"ఎవరంటరేంది? గా రేకుల షెడ్లల్ల మేమే గద ఉండేది!"

పగలు పెద్ద లారీలను రోడ్ల మీదికి రానివ్వరు. అందుకే కాంక్రీటు రాత్రి వస్తుంది, మనుషులు పగలు పడుకుంటారు. ఆదివారం పొద్దున సైటు నిశ్శబ్దంగా ఉంటే ఎవరూ లేరనుకున్నాం. వాళ్ళంతా నిద్రపోతున్నందుకు వచ్చిన నిశ్శబ్దం అది.

"ముందే చెప్పొచ్చు కదమ్మా" అన్నాను, తప్పు కొంచెం అటు తోసినట్టు.

"సారు ఖుషీగ ఉండె. పెద్దమనిషిని ఏమంటమని ఊకున్నం. ఇగ మా ఆయన రాత్రి పైన పని చేసుకుంట కన్నంటుకొని తూలిండట. పక్కోడు అంగి గుంజి పట్టుకుండు, లేకుంటే..."

మా ఇద్దరినీ చూసి మావారు ఇంధనం గొట్టం నొక్కి ఇంజన్ ఆపేశారు. నేను చెప్పింది విని, ఆముదం జిడ్డు చేతులు జోడించారు.

"తప్పయిందమ్మా. మీరున్నారని నాకు తోచనే లేదు."

"అయ్యో, చేతులెందుకు సారు! పొద్దుగూకంగ ఎగరేయిండ్రి, మా పొల్లగాండ్లు గూడ చూస్తరు."

పొద్దుగూకే వేళ ఆ స్థలమంతా క్రికెట్. తిరుగుతున్న పంకాను పిల్లల మధ్యకు వదలలేం. ఆయన విమానాన్ని చంకలో పెట్టుకుని ముందు నడిచారు, నేను బ్యాటరీ, సీసా మోసుకుంటూ వెనక.

ఇంట్లో మళ్ళీ పేపరు, మళ్ళీ తల ఊపడం. నాకు రెండు వైపులా నొప్పిగా ఉండేది. ఆయన సంతోషం ఆగిపోయిందని బాధ. ఆ సంతోషం కోసం నేనే మొక్కుకున్నానని, ఆ మొక్కు తీర్చుకుంటున్న సాయంత్రమే రేకుల కింద ఒక మనిషి కళ్ళు మండుతూ పనికి లేచి ఉంటాడని అంతకంటే పెద్ద బాధ. దీపం ముందు కూర్చుంటే కృతజ్ఞతగా చెప్పుకునే మాటలకు బదులు వేరే మాట వచ్చేది. నాకు ఇచ్చినది ఎవరి దగ్గర తీసి ఇచ్చావో అడగలేదు స్వామీ, అనుకునేదాన్ని.

కొన్నాళ్ళకు ఆయనే ఇంజన్ ఊడదీశారు. కోసిన ముక్కు మళ్ళీ పాతది కాలేదు. అతుకుల మీద అతుకులు వేసి పాత మోటారు బిగించారు. విమానం బరువెక్కింది, ఎత్తుకు పోలేక చుట్టుగోడంత ఎత్తులో ఆయాసపడుతూ తిరిగేది. ఇంజన్‌ను పెట్టెతో సహా మియాపూర్ వెళ్ళి లెక్చరరు గారికి తిరిగి ఇచ్చేశారు. "చప్పుడెక్కువండీ" అన్నారు, అంతే.

ఆ తర్వాతి ఆదివారాల్లో నేను రేకుల వైపున స్టూలు వేసుకుని కూర్చునేదాన్ని. తూలిన మనిషి ముఖం నేనెప్పుడూ చూడలేదు. రేకుల సందులోంచి కనిపించే ఒక షెడ్డు గుమ్మం బయట సిమెంటు గడ్డకట్టిన చెప్పుల జోడు ఉండేది, ఆ మనిషిదే అనుకునేదాన్ని. లోపలి నుంచి గురక వినబడితే ప్రాణం కుదుటపడేది. ఆ వెనకాల టవర్లు పూర్తయ్యాయి, షెడ్లు ఎత్తేశారు, వాళ్ళు ఏ సైటుకు వెళ్ళారో తెలియదు. ఈ వయసులో నాకు నిద్ర తక్కువ, తెల్లవారుజామున గంటలు ఊరికే మిగిలిపోతుంటాయి. వాటిని ఆ తూలిన మనిషి పగళ్ళలో కలిపి రావాలనిపిస్తుంది. కానీ ఒకరి కాలం నుంచి తీసుకున్న గంటను మళ్ళీ వారి కాలంలో పెట్టడానికి దారి లేదు.